విరామ దరువు – దాని పుట్టుపూర్వోత్తరములు

న్యూఢిల్లీలోని సరోజినీ నగరమునకు ఆ పేరు శ్రీమతి సరోజినీ నాయుడు వలన వచ్చినది. తొలుత వినయ్ నగర్ అని పిలువబడిన ఈ ప్రభుత్వోద్యోగుల కాలనీలో కాపురముండిన తెలుగు కుటుంబములకు ఆమె పరాయి వ్యక్తి కాదు. ఆమె 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఆ నగరపు వీథులును, అంగళ్ళును ఆమె ఆంగ్ల కవిత్వమున శాశ్వతమైన చోటు సంపాదించుకొన్నవి. హైదరాబాదు బజారులను గూర్చి ఆమె రచించిన ప్రసిద్ధ గీతమున వర్తకుల నడుమ వాద్యకారులును కనబడుదురు. వారి చేతులలో తంత్రీవాద్యములతోపాటు డోలు కూడ కలదు.

తంత్రీవాద్యముల చరిత్ర వ్రాసినవారు పెక్కురు. డోలు చరిత్ర వ్రాసినవారు అరుదు. రాగము తెలిసినవానిని విద్వాంసుడని గౌరవించు లోకము, వీథిలో దరువు వేసినవానిని 'వాయించువాడు' అని మాత్రమే వ్యవహరించి ఊరకుండును. ఈ వ్యత్యాసము తెలుగుదేశమునకే పరిమితము కాదు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రపంచ సంగీతమును తలక్రిందులు చేసిన ఒక మార్పు, పేరు తెలియని డోలు వాద్యకారులు కొన్ని సెకండ్లపాటు వాయించిన ముక్కల నుండి పుట్టినది. ఆ ముక్కను ఆంగ్లమున 'బ్రేక్‌బీట్' అందురు. తెలుగున దానిని 'విరామ దరువు' అనవచ్చును. ఆ మాటకు అర్థమేమి, అది పుట్టిన చోటెయ్యది, సరోజినీ దేవి పుట్టిన ఊరి వీథులలో నేటికిని మ్రోగు 'తీన్‌మార్' దరువునకును దానికిని గల పోలిక యెట్టిది, అనునవి తెలిసికొనదగిన విషయములు.

ముందుగా అర్థమును విచారింతము. కర్ణాటక సంగీత కచేరీలకు వెళ్ళు అలవాటున్నవారికి తని ఆవర్తనము సుపరిచితము. ప్రధాన గాయకుడు కీర్తనను ఒకచోట నిలిపి, చేతితో తాళము వేయుచు కూర్చుండును. వయొలిన్ మౌనము వహించును. మృదంగము, ఘటము, కంజీర మాత్రమే సభను ఏలును. లయజ్ఞుడైన శ్రోతకు అది పర్వసమయము. అయినను ఆ ఘట్టము ఆరంభము కాగానే సభలో సగముమంది లేచి కాఫీ కొరకు వెలుపలికి పోవుట, కచేరీలున్నంతకాలము నుండియు ఉన్న దురాచారము. పాట ఆగినది గనుక సంగీతము ఆగినదని వారి యభిప్రాయము కాబోలు!

1960 దశకమున అమెరికాలో నీగ్రోజాతివారు, అనగా నేడు ఆఫ్రికన్ అమెరికనులు అని గౌరవముగా పిలువబడువారు, వెలువరించిన గ్రామఫోను రికార్డులలో ఇట్టి ఘట్టమే సూక్ష్మరూపమున కానవచ్చును. గాయకుడు, గిటారు, బాకాలు అన్నియు ఒకచోట హఠాత్తుగా నిలిచిపోవును. నాలుగైదు ఆవృత్తములపాటు డోలు ఒక్కటే సాగును. పిమ్మట తక్కిన వాద్యములన్నియు తిరిగి వచ్చి కలిసికొనును. ఆ నిలుపుదలకు 'బ్రేక్' అని పేరు. ఆ నిలుపుదలలో ఒంటరిగా మిగిలిన దరువు 'బ్రేక్‌బీట్'.

తని ఆవర్తనమునకును దీనికిని పోలికతోపాటు భేదమును కలదు. తనిలో మార్దంగికుడు తాళమును చతురశ్రము, తిశ్రము, ఖండము మున్నగు గతులలో పెంచి, లెక్కలు కట్టి, కోర్వైతో ముగించును. అది విస్తరణ విద్య. విరామ దరువు అట్లు కాదు. ఒకే అల్లిక మరల మరల తిరుగుచుండును. దాని గుణము స్థిరత్వము. తని విద్వాంసుని బుద్ధికి పరీక్ష. విరామ దరువు నర్తకుని పాదమునకు ఊత.

ఈ రెండవ లక్షణమును తెలుగు భాష యేనాడో గుర్తించినది. 'దరువు' అను పదమునకు తెలుగున రెండర్థములు కలవు. యక్షగానములందును కూచిపూడి భాగవతములందును పాత్రధారి పాడుచు ఆడు గేయమునకు దరువని పేరు. పల్లెటూరి వీథిలో డప్పుపై పడు దెబ్బల వరుసకును దరువనియే పేరు. సంస్కృతమున నాటకగేయమునకు పేరైన 'ధ్రువ' శబ్దమునుండి ఇది వచ్చినదని పండితులు చెప్పుదురు. ధ్రువమనగా కదలనిది. ఏ దెబ్బ కదలక నిలుచునో, దానిపైననే కాలు కదలగలదు. బ్రేక్‌బీట్ అను పరభాషా పదమును తెలుగువారికి బోధించుటకు ఇంతకంటె తగిన మాట వెదకినను దొరకదు.

ఇక పుట్టుక. దాని మూలము వెదకుచు పోయినచో బానిసత్వపు చీకటిరోజులు తగులును. ఆఫ్రికా ఖండమునుండి బంధించి తేబడిన జనులు అమెరికా తోటలలో పనిచేయుచున్న కాలమున, యజమానులు వారి డోలును చూచి భయపడిరి. 1739లో దక్షిణ కెరొలైనాలో స్టోనో నదీతీరమున బానిసలు తిరుగుబాటు చేయగా, మరుసటి సంవత్సరమే వచ్చిన శాసనము బానిసలు డోళ్ళు వాయించుటను నిషేధించెను. దూరముననున్నవారికి డోలు సంకేతములు పంపగలదని పాలకుల శంక. ఇట్టి నిషేధముల నడుమ న్యూ ఆర్లియన్సు నగరము కొంత మినహాయింపు. అచ్చటి కాంగో స్క్వేర్ అను మైదానమున ఆదివారములందు బానిసలు గుమిగూడి, డోళ్ళు వాయించి, నృత్యము చేయుటకు అనుమతి యుండెను. 1817లో నగరపాలకులు ఇట్టి సమావేశములను ఒక్క చోటికే పరిమితము చేసిరి. కాని మాన్పలేదు.

ఆ నగరమున శవయాత్రలకును, ఉత్సవములకును బాకాలు, డోళ్ళతో వీథి బ్యాండ్లు నడచుట ఆచారమైనది. బ్యాండు వెనుక ఆడుచు పోవు జనసమూహమునకు 'రెండవ వరుస' అని పేరు. నడచుచు వాయించు ఆ డోలులోని ఊగు, తడబాటువలె తోచుచు తడబడని ఆ నడక, తరువాతి కాలమున 'ఫంక్' అను సంగీతమునకు ముఖ్యమైన వేరులలో నొకటి యయ్యెను. ఫంక్ అను మాటకు మొదటి యర్థము దుర్గంధము, చెమటకంపు. నాగరికులు ముక్కు మూసికొన్న ఆ మాటనే జాజ్ వాద్యకారులు మెచ్చుకోలుగా మార్చిరి. చెమటోడ్చి వాయించిన సంగీతమున ఆ వాసన యుండుట సహజమే కదా యని వారి భావము.

ఫంక్ పద్ధతిని స్థిరపరచినవాడు జేమ్స్ బ్రౌన్. 1965లో వెలువడిన ఒక పాటతో అతడు కొత్త బాట పట్టెను. అంతవరకు అమెరికను జనప్రియ సంగీతమున నాలుగు దెబ్బల కొలతలో రెండవదానికిని, నాల్గవదానికిని ఊనిక యుండెడిది. బ్రౌన్ బలమంతయు మొదటి దెబ్బపై పెట్టెను. భారతీయ పరిభాషలో చెప్పవలెనన్నచో అతడు సమమును పట్టెను. సమము తప్పక దొరకునన్న ధైర్యముండుటచే నడుమ కాలమున డోలు, గిటారు, బాకాలు వేర్వేరు చోట్ల దెబ్బలు వేసి అల్లుకొనవచ్చును. బాకా సైతము స్వరము పలుకుటకంటె డోలువలె కొట్టుటయే పనిగా పెట్టుకొనెను. రాగము లయకు పరిచారకమైనది. 1967లో వచ్చిన 'కోల్డ్ స్వెట్', అనగా 'చల్లని చెమట', అను పాటలో ఈ పద్ధతి పూర్ణరూపము దాల్చినది.

ఆ పాటలో డోలు వాయించినవాడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఇతడు 1943లో టెనెసీ రాష్ట్రమున చాటనూగా అను పారిశ్రామిక పట్టణమున జన్మించెను. ఇతనికి గురువు లేడు. చిన్ననాట కర్మాగారపు పొగగొట్టము ఊదు శబ్దమును, రైలు చక్రముల చప్పుడును విని, ఆ నడకకు అనుగుణముగా అడుగులు వేయుచు లయ నేర్చినట్లు ఇతడే చెప్పెను. 1969 నవంబరులో సిన్సినాటి నగరమున బ్రౌన్ బృందము ఒక పాటను ముద్రించుచుండగా, నాయకుడు తక్కినవారిని నిలిపి, డోలు వాద్యకారునికి చోటిచ్చెను. స్టబుల్‌ఫీల్డ్ తన ప్రావీణ్యమును ప్రదర్శింపలేదు. అంతవరకు వాయించుచున్న అల్లికనే యథాతథముగా సుమారు 20 సెకండ్లు కొనసాగించెను. 1970లో 'ఫంకీ డ్రమ్మర్' అను పేరుతో ఆ రికార్డు వెలువడినది. తరువాతి కాలమున లెక్కకు మిక్కిలి పాటలకు ఆ 20 సెకండ్లే పునాది యయ్యెను.

అదే 1969లో 'ది విన్‌స్టన్స్' అను బృందము ఒక రికార్డు చేసినది. దాని ముందుప్రక్క పాట బహుమానము పొందినది. వెనుకప్రక్క నింపుటకు పాట లేకపోగా, ఒక పాత భక్తిగీతపు బాణీ నాధారము చేసికొని 'ఆమెన్, బ్రదర్' అను వాద్యగీతమును చేర్చిరి. దాని నడుమ గ్రెగరీ కోల్మన్ అను వాద్యకారుడు నాలుగు కొలతలు, సుమారు 7 సెకండ్లు, ఒంటరిగా వాయించెను. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు లేరు.

పట్టించుకొన్నవారు న్యూయార్కు నగరమున బ్రాంక్స్ ప్రాంతపు పిల్లలు. పెద్ద రహదారి నిర్మాణముతో ఇండ్లు కూలి, దారిద్ర్యము అలముకొన్న పేట అది. జమైకానుండి వలసవచ్చిన కుటుంబములోని క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు 'కూల్ హెర్క్' అను పేర రికార్డులు వాయించుచుండెను. 1973 ఆగస్టు 11వ తేదీన, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అను నివాసభవనపు వినోదశాలలో, అతని చెల్లెలు పాఠశాలకు కొత్త దుస్తులు కొనుక్కొనుటకై ఒక విందు ఏర్పాటు చేసెను. ప్రవేశ రుసుము బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు. హిప్-హాప్ అను సంగీతము పుట్టినదినమని చరిత్రకారులు పేర్కొనునది ఈ దినమునే.

హెర్క్ గమనించిన విషయము స్వల్పమైనది. పాట నడచుచున్నంతసేపు కుర్రకారు గోడవారగా నిలుచుచుండిరి. పాట ఆగి డోలు మిగిలినంతనే నడుమకు దూకుచుండిరి. అనగా కచేరీ సభలో కాఫీకి లేచుచోట, బ్రాంక్స్‌లో ఆటకు లేచిరి! అయితే ఆ ఘట్టము కొన్ని సెకండ్లలోనే ముగిసిపోవును. అందుచే అతడు ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు యంత్రములపై నుంచెను. ఒకదానిలో విరామ దరువు ముగియగానే రెండవదానిలో అది మొదలగును. ఆలోగా మొదటిదానిని వెనుకకు త్రిప్పును. ఇట్లు సెకండ్లు నిమిషములయ్యెను. ఆ విరామములో ఆడు బాలురకు 'బ్రేక్ బాయ్స్' అని పేరు వచ్చినది. 1980 దశకమున శబ్దమును ముక్కలుగా పట్టి నిలుపు డిజిటల్ యంత్రములు రాగా, పని మరింత సులువయ్యెను. కోల్మన్ వాయించిన 7 సెకండ్ల ముక్కను అమెరికనులు నెమ్మదింపజేసి వాడిరి. 1990 దశకపు ఆరంభమున ఆంగ్లేయ యువకులు దానినే వేగముగా త్రిప్పి, కోసి, కూర్చి, 'జంగిల్' అను కొత్త సంగీతమును సృష్టించిరి.

ఇంతవరకు చెప్పినది అట్లాంటిక్ మహాసముద్రపు కథ. ఆఫ్రికా జనులు దాటిన సముద్రము అదొక్కటే కాదు. అరేబియా సముద్రము దాటి దక్కనుకు వచ్చినవారును కలరు. వారిని హబ్షీలనియు, సిద్దీలనియు పిలిచిరి. బానిసగా అమ్ముడై వచ్చి, అహమ్మదునగర రాజ్యమును నడిపి, 1626లో మరణించిన మాలిక్ అంబర్ వారిలో అగ్రగణ్యుడు. నిజాముల కాలమున హైదరాబాదులో ఆఫ్రికా జాతి ఆశ్వికదళ మొకటి యుండెను. ఆ దళమునకు వనపర్తి సంస్థానముతో సంబంధము కలదు. వారు నివసించిన పేట నేటికిని ఏ.సీ. గార్డ్స్ అనియే పిలువబడుచున్నది. ఆ అక్షరముల వెనుక ఆఫ్రికా యున్నదని ఆ దారిన పోవువారిలో ఎందరెరుగుదురు? అట్లే యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి అరబ్బులు నిజాము సైన్యమున చేరిరి. వారి సైనిక నివాసములున్న చోటు, 'బారక్స్' అను మాట జనుల నోట మారి, 'బార్కస్' అయినది.

ఈ రెండు జాతులవారు తెచ్చిన ఆఫ్రో-అరబ్బు లయలనుండి 'మర్ఫా' అను వాద్యసంప్రదాయము హైదరాబాదులో ఏర్పడినది. గిన్నె యాకారపు చర్మవాద్యము, దఫ్ అను పలకవాద్యము, డోలకు, లోహపు బిందె, కొట్టుటకు కర్ర, ఇవియే అందలి పరికరములు. పాట ఉండవచ్చును, ఉండకపోవచ్చును. దరువు లేక మర్ఫా లేదు. ఆ దరువులలో మిక్కిలి ప్రసిద్ధమైనది తీన్‌మార్, అనగా 'మూడు దెబ్బలు'. తెలుగున చిన్నపిల్లలు సైతము ఎరిగిన ఆ మాట ఉర్దూనుండి వచ్చినది. అది నేర్పిన లయ సముద్రము దాటి వచ్చినది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట నిజాము సైన్యములు రద్దయ్యెను. ఆశ్వికులకు గుఱ్ఱములు లేకపోయెను, కొలువు లేకపోయెను. డోలు మాత్రము మిగిలినది. కొలువు కూటముల వాద్యము వీథులలో కూలి వాద్యమైనది. అయితే ఆ పతనమే దాని వ్యాప్తికి కారణమయ్యెను. ముస్లిముల పెండ్లి ఊరేగింపులనుండి హిందువుల పెండ్లిండ్లకును, బోనముల జాతరకును, వినాయక నిమజ్జనమునకును తీన్‌మార్ ప్రాకినది. అచ్చట దానికి ఒక అన్న కలిసెను. అది తెలంగాణపు డప్పు. మేకతోలు బిగించిన పలకను నిప్పుసెగకు కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయించు డప్పు ఈ నేలలో పుట్టినదే. తోలు ముట్టినందుకు ఊరివెలుపల నుంచబడిన కులమువారే తరతరములుగ దానిని కాపాడిరి. ఊరికి చాటింపు వేయవలెనన్నను, దేవతను ఊరేగింపవలెనన్నను, శవమును సాగనంపవలెనన్నను వారి డప్పే కావలెను. వారు మాత్రము అక్కరలేదు! ఇట్లు సముద్రము దాటి వచ్చిన దరువును, ఊరివెలుపలి దరువును పోతురాజు ఆడు వీథిలో కలిసికొన్నవి.

పెండ్లి ఊరేగింపును చూచినవారికి ఒక దృశ్యము జ్ఞప్తియందుండును. బ్యాండువారు సినిమాపాట వాయించుచున్నంతసేపు పెద్దలు గంభీరముగా నడతురు. బాకా ఆగి, డోలు మాత్రము మూడు దెబ్బల వరుసను అందుకొన్నంతనే, అంతవరకు చేతులు కట్టుకొని నడచిన మేనమామయు వీథి నడుమకు వచ్చును. కూల్ హెర్క్ 1973లో కనిపెట్టిన రహస్యము ఇదియే. బ్రాంక్స్‌కును హైదరాబాదుకును ఈ విషయమున ఇచ్చిపుచ్చుకొనుట లేదు. రెండు దరువులు ఒక్కటే యనుట సాహసము. వాని అల్లికలు వేరు, నడచివచ్చిన దారులు వేరు. అయినను ఆఫ్రికాను వీడిన రెండు ప్రవాహములు రెండు మహాసముద్రముల ఆవల, దరిద్రుల వీథులలో, పాట ఆగినచోట ఆటను మొదలిడుట గమనింపదగిన విశేషము.

ఈ చరిత్రలో తుది యధ్యాయము ఋణమునకు సంబంధించినది. పాట వ్రాసినవానికి హక్కు కలదు. బాణీ కట్టినవానికి హక్కు కలదు. దరువు వేసినవానికి ఆనాటి కూలి తప్ప వేరొక హక్కును న్యాయశాస్త్రము సులభముగా గుర్తింపదు. 'ఫంకీ డ్రమ్మర్' పాటకు కర్తగా నమోదైన పేరు జేమ్స్ బ్రౌన్‌ది. తన దరువుపై కట్టిన పాటలు లోకమంతట అమ్ముడుపోవుచుండగా, స్టబుల్‌ఫీల్డ్ వానినుండి న్యాయమైన భాగము పొందకయే 2017 ఫిబ్రవరి 18వ తేదీన మరణించెను. 'ఆమెన్, బ్రదర్' కథ అంతకంటె విషాదకరము. గ్రెగరీ కోల్మన్ 2006లో నిలువ నీడలేని పేదరికమున కన్నుమూసెను. తన 7 సెకండ్లు ప్రపంచమున ఎంతదూరము పోయినవో అతనికి తెలిసియుండదని అతని బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్ భావించెను. 2015లో కొందరు అభిమానులు చందాలు ప్రోగుచేసి సుమారు 24,000 పౌండ్లు స్పెన్సరుకు అందజేసిరి. కోల్మన్ అప్పటికే లేడు.

హైదరాబాదు మాట వేరుగా చెప్పనక్కరలేదు. 2011లో 'తీన్‌మార్' పేర తెలుగు చలనచిత్రమే వచ్చినది. పత్రికలును, టెలివిజనును ఆ పదమును ఇష్టానుసారముగ వాడుకొన్నవి. ఆ మూడు దెబ్బలను తొలుత కుదిర్చినవాని పేరు మాత్రము ఎవ్వరును చెప్పలేరు. పెండ్లి శుభలేఖలో పురోహితుని పేరుండవచ్చును, వంటవాని పేరును పెద్దలు విచారింతురు. డోలువానిని 'ఎంత పుచ్చుకొందువు?' అని మాత్రమే అడుగుదురు.

సరోజినీ నగరమున పాత క్వార్టర్లు కూలి, వాని స్థానమున బహుళాంతస్తుల భవనములు వచ్చినవి. మాఘమాసపు పెండ్లి ఊరేగింపులు మాత్రము ఎప్పటివలెనే సాగుచున్నవి. అచ్చట మ్రోగునది పంజాబీ డోలు. ఆ చప్పుడు విన్నంతనే తెలుగింటి పిల్లలును వాకిటికి పరుగెత్తుదురు. ఆ డోలు ఏ భాషదని వారడుగరు. వారు పరుగెత్తునది పాటకై కాదు, పాట ఆగినచోటికి. బ్రేక్‌బీట్ అనగా నేమని పిల్లలడిగినచో పెద్దలు పుస్తకము తెరువ నక్కరలేదు. వాకిలి తెరచిన చాలును.

ఒక చిన్న కర్తవ్యము మాత్రము మిగిలియున్నది. ఉగాదికో, సంక్రాంతికో తెలుగు సంఘములు ముద్రించు కార్యక్రమ పత్రికలలో గాయకుల పేర్లు, నర్తకుల పేర్లు, అధ్యక్షోపన్యాసకుల పేర్లు నిండుగా ఉండును. దరువు వేసినవారిని 'వాద్య సహకారము' అను రెండు మాటలలో ముగింతురు. ఆ చోట ఒక మనిషి పేరు అచ్చువేయుటకు వ్యయమయ్యెడిది ఒక్క పంక్తి. గ్రెగరీ కోల్మన్‌కు లోకము సకాలమున ఈయజాలకపోయిన దదియే.